జమ్మిచెట్టు మీద కులం కాగితం

మా నేలకొండపల్లి చుట్టుపక్కల సర్కారు బడుల్లో అంటరానితనం బొత్తిగా లేదు. ముప్పై రెండేళ్లు సుద్దముక్కల పొడి పీల్చి రిటైరైన పంతుల్ని, కోర్టులో చెప్పమన్నా చెప్తాను. పక్కకు జరిగేవాడొకడు, ఎవర్ని చూసి జరుగుతున్నాడో వాడొకడు, ఇద్దరూ ఉంటేనే గదా అంటరానితనం! ఆ మొదటివాడు పొద్దున్నే ఏడున్నరకల్లా పసుపు బస్సెక్కి ఖమ్మం పోయాడు. మిగిలిన పిల్లలంతా ఒకే కాలనీ. పదిహేను మంది ఉంటే పదిహేను మందీ మేనత్త మేనమామ బిడ్డలు. వీళ్లలో ఎవర్ని ఎవరు ముట్టుకోకుండా ఉంటారు? గాంధీగారూ అంబేడ్కర్‌గారూ ఏళ్ల తరబడి వాదించుకున్న సమస్యను డీజిల్ బస్సు చడీచప్పుడు లేకుండా తేల్చేసింది. బడిలో అంటరానితనం పోయింది. బడే అంటరానిదైంది.

పొద్దున పూట మా సెంటర్లో నిలబడి చూస్తే, ఖమ్మం మిర్చి మార్కెట్టు తెలిసినవాడికి ఈ తతంగం ఇట్టే అర్థమవుతుంది. కల్లంలోనే కాయ ఏరతారు. నిగనిగలాడే తేజ రకం ఒక కుప్ప, రంగు వెలిసిన తాలు ఒక కుప్ప. (తెల్లరంగుకు ధర తక్కువ పలికేది ఈ దేశం మొత్తమ్మీద ఆ మార్కెట్టులోనే అనుకుంటాను.) మా పిల్లల్నీ అట్లాగే ఏరతాం. ఫీజు కట్టగలిగిన తేజ బస్సులోకి, కట్టలేని తాలు కాలనీ బడిలోకి. మార్కెట్టు తెరవగానే జెండా పాట ఉంటుంది. ఒక్క లాటుకు అదిరిపోయే ధర పాడి, మర్నాడు పేపర్లో దాన్నే వేయిస్తారు. వెనక వరుసలో బస్తా మీద కూర్చున్న రైతుకు ఆ ధర కలలో కూడా రాదు. కార్పొరేట్ బడి ఫ్లెక్సీ మీద మెడలో దండ వేసుకుని నవ్వే ర్యాంకు పిల్ల కూడా జెండా పాటే. ఆ ఒక్క ఫొటో చూసి ఎన్ని ఊళ్ల బస్తాలు లారీలెక్కుతాయో!

ఈ ఏరుడు పని చేసే ఆమె ఒకామె మా ఊళ్లో ఉంది. పేరు చెప్పను. ఎస్సీ కాలనీ. సీజన్లో మిర్చి కల్లాల్లో తాలు ఏరే కూలి. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చుంటుంది. రోజంతా తాలు ఏరీ ఏరీ ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది: ఏ కుప్పలో పడ్డామన్నదాన్ని బట్టే ధర. చెవి కమ్మలు కుదవపెట్టి కొడుకును బస్సెక్కించింది.

"ఎందుకమ్మా, మన బడిలో పుస్తకాలు ఉత్తగ ఇస్తరు, అన్నం పెడ్తరు గదా" అన్నాను, నా వృత్తిధర్మం కొద్దీ.

"బస్సెక్కితే కులం దిగిపోద్దనుకున్న సారూ" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే నా ఇద్దరు పిల్లలూ అదే బస్సెక్కినవాళ్లు. అవును, సర్కారు పంతులి పిల్లలే. తన హోటల్లో తాను తినని యజమానిని మీరెప్పుడైనా చూశారో లేదో, మా స్టాఫ్‌రూంలోకి వస్తే ఒకేసారి ఆరుగుర్ని చూసేవాళ్లు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని 'మన బడుల్ని ఎట్ల బతికించుకోవాలె' అని చర్చించేవాళ్లం. నాలుగు కొట్టగానే బస్సుకు ఎదురెళ్లాలని ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పిచ్చింది: సర్కారు జీతం తీసుకునేవాళ్లూ, ప్రజాప్రతినిధులూ తమ పిల్లల్ని సర్కారు బడికే పంపాలని. ఆ రోజు మా స్టాఫ్‌రూంలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. తరవాత ఎవరో 'అది ఉత్తరప్రదేశ్‌కే గదా' అన్నారు. టీ తాగాం. ఉత్తరప్రదేశ్‌లోనూ ఎవరూ పట్టించుకోలేదని తెలిశాక ఇంకో టీ తాగాం.

మా ఊరి పురాణం చెప్పకపోతే ఈ కథ సగమే. నేలకొండపల్లి విరాటరాజు రాజధాని అని మా నమ్మకం. దిబ్బలకు విరాటుడి పేరూ కీచకుడి పేరూ ఉన్నాయి. పురావస్తు శాఖవాళ్లు తవ్వితే పెద్ద బౌద్ధ స్తూపం, బుద్ధుడి విగ్రహాలు బయటపడ్డాయి. వచ్చినవాణ్ణి కులం అడగని సంఘం మట్టి కింద, అడిగే మేము మట్టి పైన. పాండవులు ఏడాదిపాటు దాక్కున్నది ఇక్కడే అంటాం. ఆ ఏడాది మా ఊరి నియామకాలు ఒకసారి చూడండి. డాన్స్ టీచర్‌గా బృహన్నలను తీసుకున్నారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీయకుండా రాజు తన కూతుర్నే అప్పగించాడు. వలలుడనే కొత్త వంటవాడు వచ్చి గరిటె పట్టుకుంటే, ఎవరి చేతి వంటో అడగకుండా రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. మధ్యాహ్న భోజనం వంటలో దళితులకు, గిరిజనులకు మొదటి అవకాశం ఇవ్వాలని సుప్రీం కోర్టు 2004లో ఆదేశం ఇవ్వాల్సి వచ్చిందని చెబితే, విరాటరాజు పాపం నమ్మడు. ఆదేశం వచ్చాక కొన్ని ఊళ్లలో పిల్లలకు హఠాత్తుగా ఆకలి మందగించి, ఇంటినుంచి డబ్బాలు రావడం మొదలైందంటే అసలే నమ్మడు.

అజ్ఞాతవాసం మాత్రం మేం మరిచిపోలేదు. దాన్ని పిల్లల చదువులోకి తీసుకొచ్చాం. తాలు ఏరే ఆమె కొడుకు ఆ బస్సు బడిలో చేరిన నెలలోనే అన్నీ నేర్చుకున్నాడు. మీ ఇల్లెక్కడరా అంటే కాలనీ పేరు చెప్పకుండా 'సెంటర్ పక్కనే' అనాలి. నాన్న ఏం చేస్తాడంటే 'బిజినెస్'. ఆదివారం మిగిలిన కూర సోమవారం డబ్బాలో పెట్టొద్దని తల్లికి చెప్పాడు. పెరుగన్నం, మామిడికాయ పచ్చడి చాలన్నాడు. ఆరేళ్లవాడు! పాండవులు కనీసం పెద్దవాళ్లయ్యాక వేషం కట్టారు. వాళ్లకు గడువు ఏడాది. ఈ పిల్లగాడికి ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా. వాళ్లు ఆయుధాల్ని శవంలా మూటగట్టి జమ్మిచెట్టుకు వేలాడదీసినట్టు, వాడి తల్లి కులం సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రేకు పెట్టె అడుగున, పాత చీర మడతలో దాచింది.

వేషం ఎంత బాగా కట్టినా ఫీజు మాత్రం అజ్ఞాతంలో ఉండదు. రెండు టర్ములు ఆగేసరికి పరీక్ష రోజున పిల్లగాణ్ణి వరండాలో నిలబెట్టారు. లోపల తోటివాళ్లు రాస్తుంటే కిటికీలోంచి ప్రశ్నలు చదువుకున్నాడట. 'అన్నీ వచ్చు సారూ' అని నాతో చెప్పాడు, అదేదో బడాయిగా.

ఇలాంటివాడి కోసమే చట్టం ఉందని మీరు అనొచ్చు. ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో పుట్టింది, 2010 ఏప్రిల్ 1 నుంచి నడక మొదలెట్టింది. (ఆ తేదీ ఎంచినవారి హాస్యానికి నా జోహార్లు.) ప్రైవేటు బళ్లు మొదటి తరగతిలో నూటికి ఇరవై అయిదు సీట్లు పేదపిల్లలకు, వెనకేసిన కులాల పిల్లలకు ఇవ్వాలని అందులో రాసి ఉంది. ప్రైవేటువాళ్లు కోర్టుకెక్కితే 2012 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు కూడా ఇవ్వాల్సిందేనంది. మన దగ్గర ఆ సెక్షన్ ఏళ్ల తరబడి కాగితం దిగలేదు. పరిశీలన అన్నారు, కమిటీ అన్నారు, కోర్టులో వాయిదా అన్నారు. బస్సు ఆగని ఊళ్లో బస్టాండులాగా, చట్టం ఉంది. ఆ ఇరవై అయిదు సీట్ల గురించి యజమాని ఒకాయన నాతో మనసు విప్పి మాట్లాడాడు. "డబ్బు సంగతి కాదు సార్, గవర్నమెంటు ఇచ్చినా ఇవ్వకపోయినా పర్లేదు. మిగతా డెబ్బై అయిదు మంది పేరెంట్స్ ఊరుకుంటరా? వాళ్లు ఫీజు కడ్తున్నది దేనికనుకుంటున్నరు?" ముప్పై రెండేళ్ల నా సర్వీసులో విద్య గురించి ఇంత నిజాయతీగా మాట్లాడిన మనిషిని చూడలేదు. డిజిటల్ బోర్డుకు కాదు, ఏసీకి కాదు, పక్క బెంచీలో ఎవరు కూర్చోరో దానికి ఫీజు.

ఇక రిజర్వేషన్ల సంగతి. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీం కోర్టు 50 శాతం దగ్గర గీత గీసింది. ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో ఇచ్చిన 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జీలు కొట్టేశారు. నూటికి నూరు అన్యాయం అన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా వడ్డించారు. బాగుంది. మరి మా కాలనీ బడికి రండి. నూటికి నూరు ఎస్సీ పిల్లలు. ఇంకాస్త ముందుకుపోతే తండా బడి, నూటికి నూరు లంబాడీ పిల్లలు. అడవి వైపు తిరిగితే గూడెం బడి, నూటికి నూరు కోయ పిల్లలు. గీత గీయడానికి ఎవరూ రారు. ఇక్కడ దాటిపోయిన ఆ యాభై శాతానికి ఖర్చులు ఎవరు కడతారో ఎవరూ అడగరు. వరండాలో నీళ్ల కుండ, ఒక గది, ఒక పంతులు, అయిదు తరగతులు. పిల్లలు తక్కువున్నారని పంతుల్ని తీసేస్తారు, పంతులు లేడని పిల్లల్ని తీసుకుపోతారు. దీని పేరు హేతుబద్ధీకరణ. హేతువు నాకు దొరకలేదు, బద్ధీకరణ మాత్రం కళ్లారా చూశాను.

ఎవరూ ఏమీ చేయలేదంటే అబద్ధం. 2022 మార్చిలో 'మన ఊరు - మన బడి' వచ్చింది. 26,065 బడులు, 7,289 కోట్లు. ఆ ఏడాది నుంచే ఇంగ్లీషు మీడియం. రంగులేశారు, గోడల మీద జిరాఫీలు, రైలుపెట్టెలు గీశారు. సగంలో డబ్బులాగిన చోట జిరాఫీకి మెడ వరకే వచ్చింది. నా పేచీ పేరుతో. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటేనే 'మన'. ఊళ్లో సభ పెట్టి 'మన బడి' అని సర్పంచి మైకులో అంటే, ముందు వరస కుర్చీల్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒక్కడి పిల్లాడూ ఆ బడిలో లేడు. ఊరు మనదే, బడి వాళ్లది. భాషే ఒప్పుకోని పేరు పథకానికి పెడితే ఎట్లా? ఇదే ఊళ్లో పుట్టిన కంచర్ల గోపన్న తహసీల్దారుగా ఉండి, ఖజానా డబ్బు భద్రాచలం గుడికి పెట్టాడని తానీషా గోల్కొండ చెరలో వేశాడు. ఖజానా డబ్బు బడికి పెట్టలేదని ఏ తహసీల్దారుకూ, ఏ మంత్రికీ ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా చెర పడలేదు.

కొందరు పెద్దమనుషులకు ఇదంతా వింటే కోపం. 'ఇదేమన్నా అమెరికానా? అక్కడ నల్లవాళ్లకు జరిగినట్టు ఇక్కడ జరిగిందా?' అంటారు. 2001లో డర్బన్‌లో ప్రపంచ సదస్సు జరిగితే మన ప్రభుత్వం కూడా అదే చెప్పి వచ్చింది: కులం వేరు, జాతివివక్ష వేరు, రెంటినీ కలపొద్దని. నిజమే. తెలుగువాడు దక్షిణాఫ్రికా సంగతి చెప్పుకోవడానికి మాట వెతుక్కుంటే 'వర్ణవివక్ష' దొరికింది. ఆ మాట ఎక్కడిదో, ఎవరింట్లోదో ఎవరికీ గుర్తు రాలేదు. పొరుగింటి రోగానికి మన ఇంటిపేరు పెట్టి, మనకు రోగం లేదని మందులు మానేశాం.

సరే, అమెరికాకే పోదాం. 1896లో అక్కడి సుప్రీం కోర్టు, వేరుగా ఉంచినా సమానంగా చూస్తే తప్పులేదంది. 1954లో బ్రౌన్ కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఏకమై, బడుల్లో ఆ మాట చెల్లదన్నారు. ఆ కేసులో పిల్లల మనసు మీద పడే దెబ్బ చూపించడానికి క్లార్క్ దంపతుల బొమ్మల పరీక్ష పనికొచ్చింది. నల్లబొమ్మ, తెల్లబొమ్మ ముందుపెట్టి ఏది మంచిదని అడిగితే, నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. మా దగ్గర బొమ్మలతో పని లేదు. ఏడున్నరకు కాలనీ మూలమలుపులో నిలబడి, బస్సును చూస్తున్న పిల్లల మొహాలు చూస్తే చాలు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవాళ్ల బడికి పోతే మార్షల్స్ కాపలా నడిచారు. ఆ పిల్లతో కూర్చోవద్దని తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకుపోయారు. ఏడాదంతా ఒక టీచరమ్మ, ఒక పిల్ల, ఒక గది. అచ్చం మా కాలనీ బడే. మార్షల్సే తక్కువ.

అయితే నాకు బాగా నచ్చింది వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. నల్లపిల్లల్ని కలుపుకోవాలని కోర్టు గట్టిగా చెప్పేసరికి, వాళ్లు 1959లో సర్కారు బళ్లన్నీ మూసి తాళాలేశారు. తెల్లపిల్లల కోసం ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. నల్లపిల్లలకు అయిదేళ్లు బడే లేదు. పాపం, తెలివి తక్కువవాళ్లు! తాళం వేస్తే కోర్టుకు దొరికిపోతారు. మేము తాళం వేయలేదు. తలుపులు బార్లా తీసి, అన్నం వండి, బెల్లు కొట్టి, వెళ్లిపోయాం. ఏ కోర్టులో ఎవరు ఏమని కేసు వేస్తారు?

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. ఇల్లు కొనేముందు వంటగది చూడలేదు, బడి రేటింగు చూసింది. ఆ ఏరియా బడికి పదికి తొమ్మిదట. 'అటువైపు ఇళ్లు చవక గానీ నాన్నా, స్కూల్ బాగోదు' అంది. బాగోకపోవడం అంటే ఏంటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరమూ నేలకొండపల్లివాళ్లమే గదా, మాకు అర్థమవుతుంది. అదే టెక్సాస్‌లో ఇంటిపన్నును బట్టి బడికి డబ్బు రావడం అన్యాయమని శాన్ ఆంటోనియోలో పేద పేటల తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, 1973లో అక్కడి సుప్రీం కోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో కాదు పొమ్మంది. ఇంటి ధరే బడి ధర. మావాళ్లు ఈ లెక్కను అంత త్వరగా ఎట్లా పట్టుకున్నారని అక్కడివాళ్లు ఆశ్చర్యపోతారట. వెయ్యేళ్ల ప్రాక్టీసు మరి.

పోయినేడు మా మనవరాలి డబ్బాలో గోంగూర వాసన వస్తోందని క్లాసులో ఒకడు ముక్కు మూసుకున్నాడు. పిల్ల ఏడ్చింది. మా అమ్మాయి ఆ రాత్రే బడికి ఈమెయిలు పెట్టింది. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది, కౌన్సెలర్ వచ్చి పిల్లతో మాట్లాడింది, క్లాసులో అన్ని దేశాల వంటల రోజు పెట్టారు. వీడియో కాల్లో ఇదంతా చెప్తూ మా అమ్మాయి 'రేసిజం నాన్నా, ఊరుకోకూడదు' అంది. 'ఊరుకోవద్దు తల్లీ' అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు కూర్చున్నాను. నా సర్వీసులో ఏటా జూలైలో స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చేవి. నేను క్లాసులోకి వెళ్లి, రిజిస్టరు తెరిచి, గొంతు సవరించుకుని, "ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి" అనేవాణ్ణి. లెక్క తేలాక, "ఆఁ, కూర్చోండి. ఎస్టీలు." ముప్పై రెండు జూలైలు. ఒక్క ఈమెయిలు రాలేదు.

మంచి మాట కూడా ఒకటి చెప్పాలి. గురుకులాలు. 1971లో పీవీ చొరవతో సర్వేల్‌లో మొదలైన విత్తనం అది. అక్కడ చదువుకున్న దళిత, గిరిజన పిల్లలు ఎక్కడెక్కడికో ఎక్కారు. మాటవరసకు కాదు, నిజంగానే ఎక్కారు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. పక్కన మా పాత ఖమ్మం జిల్లా చర్ల వైపు కుర్రాడు ఆనంద్ కుమార్. 8,848 మీటర్లు. ఖమ్మంలో కార్పొరేట్ బడి మెట్లు ఎన్ని మీటర్లో ఎవరూ కొలవలేదు గానీ, వీళ్ల ఊళ్ల పిల్లలకు ఎవరెస్టే దగ్గర.

ఆ గురుకులాలను మేం ఊరికే ఉండనిస్తామా? ఎస్సీలకొకటి, ఎస్టీలకొకటి, మైనారిటీలకొకటి, బీసీలకొకటి. గోడలు వేరు, బోర్డులు వేరు, యూనిఫారాల రంగులు వేరు. పదేళ్ల పిల్లాణ్ణి చొక్కా చూసి కులం చెప్పేయొచ్చు. మా తాతలకు ఇంత సదుపాయం లేదు, అడిగి తెలుసుకునేవాళ్లు పాపం. ఇప్పుడు ఇది తప్పని గ్రహించి, అందర్నీ ఒకే ప్రాంగణంలో చదివిస్తామని 2024 దసరా ముందు 'యంగ్ ఇండియా సమీకృత గురుకులాల'కు శంకుస్థాపనలు చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, నలుగురూ ఒకేచోట. సంతోషం. ఆ నలుగురూ ఎప్పుడు కొట్టుకున్నారని కలుపుతున్నారో నాకు తెలియదు. కలవాల్సిన అయిదోవాడు పసుపు బస్సులో ఉన్నాడు. ఆ బస్సును ఆపి ఎవరూ శంకుస్థాపన చేయలేదు.

ఇక భద్రాచలం అడవి వైపు సంగతి చెప్పాలంటే నవ్వు కూడా రాదు. గిరిజన పిల్లల కోసం కేంద్రం 1997-98లో మొదలుపెట్టిన బళ్లకు ఏ పేరు పెట్టారు? ఏకలవ్య. గురువు బళ్లో చేర్చుకోనన్న పిల్లాడు, సొంతంగా నేర్చుకుంటే బొటనవేలు కోసి ఇచ్చిన పిల్లాడు. ఆ కోయించుకున్న గురువును మాత్రం మరిచారా? ఆయన పేరు మీద 1985 నుంచి ఉత్తమ క్రీడా శిక్షకులకు అవార్డు. ఒకే సర్కారు, ఒక చేత్తో ద్రోణాచార్య పతకం, రెండో చేత్తో ఏకలవ్య బోర్డు. వేలు మాత్రం ఇప్పుడు కోయరు. ఆధార్ యంత్రం మీద పెట్టించుకుంటారు. అది పడకపోతే స్కాలర్‌షిప్పు రాదు.

ఈ బళ్లకు 2023లో ఢిల్లీ నుంచి ఒకే పరీక్ష పెట్టి టీచర్లను ఎంపిక చేశారు. ఉత్తరాది నుంచి వచ్చిన టీచర్లు మన ఏజెన్సీల్లో దిగారు. ఇంట్లో కోయ, బజార్లో తెలుగు, టీచరు నోట హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య పిల్లాడు నోరు మూసుకుంటే, 'వీళ్లు మాట్లాడరండీ, సిగ్గు' అని రిపోర్టు. నిజాం కాలంలో, 1943లో, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల్లోంచే పంతుళ్లను తయారుచేసి గోండీలో పాఠం మొదలుపెట్టించాడు. నిజాంకు అర్థమైన సంగతి అది. మన ఏజెన్సీలో పంతులు స్థానిక గిరిజనుడే కావాలన్న జీవోకు ఏం గతి పట్టిందో ఇందాకే చెప్పాను. 2005 తరవాత సల్వాజుడుం మంటల్లోంచి ఛత్తీస్‌గఢ్ దాటి వచ్చిన గొత్తికోయల పిల్లల సంగతి ఇంకా విచిత్రం. ఇటువైపు కోయ, అటువైపు కోయ, మధ్యలో రాష్ట్రం గీత. ఆ గీత దాటేసరికి ఎస్టీ కాగితం పుట్టడం గగనం. మా ఊళ్లో కాగితం దాచుకోవడానికి పెట్టె వెతుకుతుంటే, అక్కడ కాగితమే లేక బడి మెట్ల దగ్గర కూర్చున్నారు. భద్రగిరి మీద రాముణ్ణి మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం. ఆమె కూడా ఏ కాగితం చూపకుండానే చూసింది.

మొన్న ఆ తాలు ఏరే ఆమె మా ఇంటికొచ్చింది. కొడుకు ఇప్పుడు కాలనీ బడిలో నాలుగో తరగతి. గురుకులం అయిదో తరగతి ప్రవేశ పరీక్షకు ఫారం నింపాలంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. పెట్టె అడుగునుంచి తీసినట్టుంది, పాత చీర వాసన. ముగ్గురం సెంటర్లో ఆన్‌లైన్ షాపుకు పోయాం. కుర్రాడు కంప్యూటర్లో టకటకా కొడుతున్నాడు. పేరు, తండ్రి పేరు, ఊరు. కులం దగ్గరికొచ్చేసరికి, కూర్చున్న నలుగురైదుగురి ముందు గట్టిగా "ఏం క్యాస్టు?" అన్నాడు. తల్లి కవరు విప్పబోయింది. పిల్లగాడు ఆమె చెయ్యి పట్టుకుని, నా వైపు వంగి, మెల్లగా, "అది ఖాళీగ ఒదిలెయ్యమను సారూ" అన్నాడు.

షాపు కుర్రాడు వినేశాడు. తెర వైపే చూస్తూ అన్నాడు: "స్టార్ గుర్తుంది తమ్మీ. నింపకపోతే ముందుకు పోదు."